రాతి ముసుగు, ఎనభయ్యో నంబర్ నూలు

అందరికీ నమస్కారం.

ముందు తెర మీద ఉన్న రెండు ఫొటోలు చూడండి. ఎడమ పక్కన తెల్ల పాలరాయి, హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉన్న ముసుగు రెబెకా. కుడి పక్కన నల్లరాయి, మన పాలంపేట రామప్ప గుడి చూరు కింద ఉన్న మదనిక, అంటే ఆడమనిషి శిల్పం. ఈ రెండింటినీ నేను ఎన్నిసార్లు ఫొటో తీశానో లెక్కలేదు. మళ్లీ పోయిన ప్రతిసారీ, పోయినసారి నేను చూడనిది ఒకటి కనపడింది. చూసిన బొమ్మ దగ్గరికే మళ్లీ ఎందుకు పోవాలి, పోయినప్పుడు చేతిలో ఉన్న కెమెరాతో ఏం చేయాలి, ఇవ్వాళ నా మాటంతా దాని గురించే.

నేను డ్రాయింగ్ టీచర్ని. పుట్టి పెరిగింది వరంగల్ కొత్తవాడలో. మా బాపు జంపఖానాలు, అంటే దర్రీలు, నేసేవాడు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంట్లో మాత్రం అవి నేను పుట్టకముందు నుంచీ ఉన్నవే. మగ్గం చప్పుడులో చదువుకున్నాను, పడుగు నూలు పక్కన పడుకున్నాను. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, బొమ్మను చూడటం నాకు నేర్పింది నా డ్రాయింగ్ చదువు కన్నా ముందు మా బాపు.

సాలార్‌జంగ్‌కు మొదటిసారి పోయింది 1989లో, ఎనిమిదో తరగతి స్కూలు టూరులో. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వరుసగా నడిచాం. సార్లు "ముందుకు నడువుండ్రి" అంటూనే ఉన్నారు. నాకు గుర్తున్నది గడియారం ఒక్కటే. గంట గంటకూ ఓ చిన్న బొమ్మ లోపలి నుంచి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతుంది. దాన్ని చూడటానికి ఇప్పటికీ జనం బెంచీల మీద ముందే వచ్చి కూర్చుంటారు. తప్పేం లేదు, అదీ చూడాల్సిందే. కానీ ఇంటికొచ్చాక మా అమ్మ "ఏం చూసినవ్?" అని అడిగితే గడియారం తప్ప ఇంకోటి చెప్పలేకపోయాను.

అంత పెద్ద మ్యూజియం అది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ ఏడో నిజాం దగ్గర కొంతకాలం దివాన్‌గా చేసి, తర్వాత జీవితమంతా వస్తువులు సేకరించడంలోనే గడిపాడు. ఆయన 1949లో చనిపోయాక, 1951 డిసెంబర్ 16న ఆయన నివాసం దివాన్ దేవిడీలోనే మ్యూజియం తెరిచారు. ఇప్పుడు మూసీ పక్కన మనం చూసే భవనంలోకి 1968లో మారింది. ఒక్క పూటలో అంతా చూడాలని పోతే కాళ్ల నొప్పులు మిగులుతాయి. శుక్రవారం సెలవు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి.

రెండోసారి 2001లో పోయాను. హైదరాబాదులో చుట్టాల పెళ్లికి పోయి, సాయంత్రం రైలుకు ఇంకా టైం ఉంటే బాపును తీసుకుని పోయాను. అప్పటికి నేను టీచర్నయ్యాను, నాకు అంతా తెలుసనుకునే వయసు. బాపుకు అన్నీ చూపించాలని గబగబా నడుస్తున్నాను. రెబెకా దగ్గర ఆయన ఆగిపోయాడు. "బాపూ, ఇంకా చానా ఉన్నయ్ పా" అన్నాను. కదల్లేదు. చేతులు వెనక కట్టుకుని, ఓ పక్కకు వంగి, మళ్లీ ఇంకో పక్కకు వంగి చూశాడు. చివరికి అన్నాడు:

"బిడ్డా, ఇది ఎనభయ్యో నంబర్ నూలు లెక్కున్నది."

ఇక్కడున్న చిన్నవాళ్లకు చెప్పాలి. నూలుకు నంబరు ఉంటుంది. నంబరు పెరిగినకొద్దీ దారం సన్నం. జంపఖానాకు వాడేది తక్కువ నంబర్ దొడ్డు నూలు. బాపు జీవితమంతా నేసింది ఆ దొడ్డు నూలే. సన్న నూలంటే ఆయనకు ఓ మోజు, నేయలేకపోయినదాని మీద ఉండే మోజు. నేను పాలరాయిని చూస్తుంటే, ఆయన గుడ్డను చూశాడు. అది ఎంత పల్చనో, ఎంత బరువో, ముక్కు మీద నుంచి గదవ దాకా ఎట్లా జారిందో చూశాడు. పెళ్లి చీర కొనేటప్పుడు పోగు లాగి చూసినట్టు, చూపుతోనే లాగి చూశాడు. నేను డ్రాయింగ్ పరీక్షలో గుడ్డ మడతలు వేసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఆ రోజు దాకా గుడ్డకు బరువుంటుందని నాకు తట్టలేదు.

ఈ శిల్పాన్ని చెక్కింది ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెన్‌జోని. మూడో సాలార్‌జంగ్ తాత, మొదటి సాలార్‌జంగ్, 1876లో రోమ్‌లో కొన్నాడు. బెన్‌జోని ఇదే బొమ్మను ఒకటి కన్నా ఎక్కువసార్లు చేశాడు. అమెరికాలో అట్లాంటాలో ఒకటుంది, డెట్రాయిట్‌లో ఒకటుంది. రెబెకా అంటే మన తెలుగు బైబిల్లో రిబ్కా. ఆదికాండంలో, పెళ్లికూతురుగా ఒంటె మీద వస్తూ పొలంలో ఎదురొస్తున్న ఇస్సాకును చూసి, ఒంటె దిగి ముసుగు వేసుకుంటుంది. ఆ క్షణమే ఈ బొమ్మ.

నిజానికి అక్కడ ముసుగనేది విడిగా లేదు. ఉన్నది ఒకటే రాయి, ఒకటే పైభాగం. శిల్పి ఏం చేశాడంటే, ముఖం మీది గీతల్ని, అంటే కనురెప్పల్ని, పెదవుల్ని, కొద్దిగా మెత్తబరిచాడు. వాటి మీద నుంచి ఆగకుండా సాగిపోయే సన్నటి మడతలు చెక్కాడు. మడత ముక్కు దగ్గర తెగదు, పెదవి దగ్గర తెగదు. అది తెగలేదు కాబట్టి మన కన్ను దాన్ని ముందున్న గుడ్డ అనుకుంటుంది, మెత్తగా ఉన్న ముఖాన్ని వెనక ఉన్నది అనుకుంటుంది. ఈ పనంతా ఆ మడతల పక్కన పడే వెంట్రుకంత నీడ మీద నిలబడి ఉంది.

ఇది నాకు పుస్తకంలో దొరకలేదు, చెడిపోయిన ఫొటోల్లో దొరికింది. ఫోన్లో ఫొటోలు తీయడం మొదలుపెట్టినప్పుడు ఒక్కటీ కుదరలేదు. ముఖానికి సున్నం కొట్టినట్టు వచ్చేది, లేకపోతే బూడిద రంగులో. కారణం చాలా రోజులకు అర్థమైంది. కెమెరాకు తెలుపు తెలియదు, నలుపు తెలియదు. ఎదురుగా ఏదున్నా అది నడిమి రకం బూడిద రంగనుకుని వెలుతురు లెక్క వేసుకుంటుంది. అందుకే తెల్ల పాలరాయి తీసేటప్పుడు మనం కొంచెం వెలుతురు పెంచాలి. మన వేయిస్తంభాల గుడి నంది లాంటి నల్లరాయి తీసేటప్పుడు తగ్గించాలి. ఫోన్లో అయితే బొమ్మ మీద వేలితో తాకితే ఓ చిన్న గుర్తు వస్తుంది, దాన్ని పైకో కిందికో జరపడమే. ఇంత చిన్న సంగతి. ఇది తెలియక ఎంతమంది మన నల్లరాళ్లను సిమెంటు బొమ్మల్లా తీస్తున్నారో చూస్తే నాకు బాధేస్తుంది. ఆ నలుపు తేవడానికి చెక్కినవాళ్లు ఎన్నాళ్లు నునుపు పట్టి ఉంటారు!

ఫ్లాష్ వద్దు. బట్టలు, కాగితం మీది బొమ్మలు ఉన్న గదుల్లో దీపాలే మసకగా పెడతారు, ఎందుకంటే వెలుతురు తగిలినకొద్దీ రంగు వెలుస్తుంది, వెలిసిన రంగు తిరిగి రాదు. అదే మ్యూజియంలో జాందానీలు, కాశ్మీరు శాలువాలు ఉన్న గదిలో "ఇంత చీకటేంది" అని విసుక్కునేవాళ్లను చూశాను. ఆ చీకటి వల్లే అవి ఇంకా ఉన్నాయి. రాయికి ఫ్లాష్ వల్ల పోయేదేం లేదు కదా అంటారా? రాయికి పోదు, మనకు పోతుంది. ఎదురు నుంచి కొట్టే వెలుతురు ఆ వెంట్రుకంత నీడను తినేస్తుంది. నీడ పోతే ముసుగు పోతుంది. పక్క నుంచి వచ్చే వెలుతురు ఎక్కడుందో వెతుక్కుని, అటు జరిగి నిలబడండి.

గాజు పెట్టెల్లో ఉన్నవాటికి ఓ ఉపాయం. నల్ల చున్నీ గానీ, నల్ల కండువా గానీ వెంట ఉంచుకోండి. మీ వెనక నుంచి వచ్చే వెలుతురును దాంతో అడ్డుకుని, కెమెరాను గాజుకు ఆనించకుండా దగ్గరగా పెడితే, మీ మొహం ఫొటోలో రాదు. నా బ్యాగులో పెన్ను లేకపోయినా నల్ల చున్నీ ఉంటుంది.

ఇప్పుడు కొంచెం బాధ కలిగించిన సంగతి. 2017లో నా హార్డ్ డిస్క్ తెరుచుకోవడం మానేసింది. ఓ రిపేర్ షాపులో ఇచ్చాను. నాలుగు రోజుల తర్వాత ఖాళీది చేతికొచ్చింది. మూడేళ్ల ఫొటోలు, దాదాపు పదకొండు వందలు. సాలార్‌జంగ్‌వి, ఖిలావి, రామప్పవి, ఘనపురం కోటగుళ్లవి. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు స్కూల్లో ఖాళీ పీరియడ్‌లో కాగితం ముందు పెట్టుకుని, పోయినవాటిలో గుర్తున్నవి గీయడం మొదలుపెట్టాను. పదకొండు వందల్లో పందొమ్మిది గీయగలిగాను. ఆ పందొమ్మిదీ ఏవో చూస్తే, అన్నీ నేను కనీసం అరగంట ఎదురుగా నిలబడ్డవి. నడుస్తూ తీసినది ఒక్కటీ గుర్తుకురాలేదు. రాజా రవివర్మ చిత్రం ఎదుట కూడా నిలబడి తీసి ఉంటాననుకున్నాను, కానీ చెయ్యి గీయలేదు. అంటే నిలబడలేదన్నమాట. అప్పటి నుంచి నా పద్ధతి మారింది. మొదట చూడటం, తర్వాత పెన్సిల్‌తో నాలుగు గీతలు, ఆ తర్వాతే కెమెరా. ఒక పూటకు మూడు బొమ్మలు, నాలుగోది లేదు.

నా మూడు బొమ్మల్లో ఇంకోటి అదే మ్యూజియంలోని జంట కొయ్య శిల్పం. ముందు నుంచి చూస్తే మెఫిస్టోఫిలిస్, తల ఎగరేసుకుని నిలబడ్డ సైతాను. వెనక అద్దంలో చూస్తే మార్గరెట్టా, తల దించుకుని ప్రార్థన పుస్తకం పట్టుకున్న పిల్ల. గొథే రాసిన ఫౌస్ట్ నాటకంలోని మనుషులు. ఒకే కొయ్యలో వీపుకు వీపు. దీన్ని తీయడం నిజంగా కష్టం. అద్దంలో మీరొస్తారు, మీ వెనకాల పిల్లను ఎత్తుకున్న నాన్న వస్తాడు. పైగా అద్దం చట్రం మీద ఫోకస్ పెడితే మార్గరెట్టా మసకబారుతుంది. అద్దంలో కనిపించే మనిషి అద్దం మీద ఉండదు. కెమెరా నుంచి అద్దం దాకా, మళ్లీ అద్దం నుంచి బొమ్మ దాకా, అంత దూరంలో ఉన్నట్టు లెక్క. ఫోకస్ ఆమె ముఖం మీదే పెట్టాలి. మూడుసార్లు పోయాక నాకు ఒక్క ఫొటో కుదిరింది. దాంట్లో సైతాను భుజం, మార్గరెట్టా దించిన తల, రెండూ ఉన్నాయి. జనం లేరు. పొద్దున తలుపులు తీయగానే నేరుగా అక్కడికే నడిచాను కాబట్టి.

ఇక మన ఊరికొద్దాం. సాలార్‌జంగ్‌కు టికెట్ ఉంది, గోడలున్నాయి, దీపాలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. మన ఖిలా వరంగల్‌లో ఆకాశమే దీపం. 1323లో కోట ఢిల్లీ సైన్యానికి పడిపోయింది. నడుమ ఉన్న స్వయంభూ శివాలయం కూలింది. నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు మాత్రం నిలిచాయి. వాటిలో ఒకటి ఇప్పుడు తెలంగాణ ముద్రలో ఉంది, మన బడి పుస్తకాల మీద ఉంది. అందుకే మనం దాన్ని చూడటం మానేశాం. చూడనక్కరలేకుండానే తెలుసు కదా! తోరణం ముందు నిలబడి సెల్ఫీ తీసుకుని పోయేవాళ్లలో ఎంతమంది దాని మీద వేలాడే దండల్ని చూశారు? ఆ రాతి దండలు వంపు తిరిగి ఎట్లా దిగుతాయో, తామర మొగ్గలు ఎట్లా వేలాడతాయో, తోకలు ఆకుల్లా విచ్చుకున్న పక్షులు ఎక్కడున్నాయో చూశారా? దండ కూడా గుడ్డ లాంటిదే. రెండు చివరలు పట్టుకుని వదిలితే దాని బరువుకు అది వంగుతుంది. ఆ వంపు తప్పుగా చెక్కితే దండ రాయైపోతుంది. మన తోరణం మీద అది రాయి కాలేదు.

నేను తూర్పు తోరణాన్ని పొద్దున, పడమటి తోరణాన్ని సాయంత్రం తీస్తాను. సూర్యుడు పక్కకు జరిగి ఎండ రాతిని గీసుకుంటూ పోయే టైం ఒకటుంటుంది. అది పది నిమిషాలే. అంతకుముందు బొమ్మలు నిద్రలో ఉన్నట్టుంటాయి, ఆ తర్వాత ఎండకు కళ్లు చికిలించినట్టుంటాయి. ఆ పది నిమిషాల కోసం గంట ముందు పోయి కూర్చోవాలి. అక్కడ వరుసగా పేర్చిన విరిగిన శిల్పాల మధ్య తిరగండి. తల లేని సింహాలు, సగం విరిగిన స్తంభాలు, ఎక్కడ అతికేవో తెలియని నగిషీ ముక్కలు. వాన పడ్డ రోజు మరీ మంచిది. తడిసిన నల్లరాయి ఇంకా నల్లబడి, గీతలన్నీ పైకి తేలతాయి. గొడుగు పట్టుకోవడానికి ఓ మనిషిని తోడు తీసుకుపోండి. వాళ్లకూ చూడటం అలవాటవుతుంది.

రామప్ప దగ్గరికి వస్తే, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అప్పటి నుంచి జనం బాగా పెరిగారు, సంతోషమే. ఒక్క మనవి. లోపల గోపికా వస్త్రాపహరణం చెక్కిన చోట వేలితో మీటితే సరిగమలు పలుకుతాయని అందరూ మీటుతున్నారు. దయచేసి మీటకండి. ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన పనితనం, మన వేళ్ల కింద అరగకూడదు. వినకపోయినా పర్వాలేదు, చూడండి.

మదనికలు పన్నెండు మంది. తూర్పు, దక్షిణం, ఉత్తరం మూడు ద్వారాల దగ్గర, చూరు కింద ఏటవాలుగా నిలబడి ఉంటారు. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్నామె దగ్గర అందరూ ఆగుతారు, నాగిని దగ్గర ఆగుతారు. చాలామంది మధ్యాహ్నం వస్తారు. అప్పుడు వెలుతురంతా నేల మీద, మదనికలు నీడలో. ఫొటోలో నల్లటి ఆకారం మాత్రమే మిగులుతుంది. ఉత్తరం వైపు వాళ్లదైతే ఇంకా కష్టం. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు, ఉత్తరం వైపు చూడనే చూడడు. ఎండాకాలంలో మాత్రం ఈశాన్యం నుంచి పొడుస్తాడు. ఆ రోజుల్లో పొద్దున్నే, ఎండ ఇంకా కిందనే ఉన్నప్పుడు, చూరు కిందికి పక్కవాటుగా వెలుతురు దూరుతుంది. ఇది తెలియక నేను ఏళ్ల తరబడి డిసెంబర్ సెలవుల్లో పోయి వచ్చాను.

ఒక మే నెలలో పోయినప్పుడు, ఆ పక్కవాటు ఎండలో, మదనిక తొడ మీద ఓ గీత కనపడింది. అంతకుముందు తీసిన ఏ ఫొటోలోనూ అది లేదు. అది గుడ్డ అంచు. గుడ్డ లేదు, అంచు ఉంది. ఒడ్డాణం కింద నుంచి దిగి, ఒంటిని చుట్టి పోతున్న ఒకే ఒక్క సన్న గీత. బెన్‌జోని ముసుగును మడతలతో చూపించాడు. మన శిల్పి మడత కూడా వేయలేదు. గుడ్డ అంత పల్చన, ఒంటికి అతుక్కుపోయింది, అది ఉందని చెప్పడానికి అంచు చాలు అనుకున్నాడు. నా మటుకు ఇది రెబెకా కన్నా సాహసమైన పని అనిపిస్తుంది. ఎవరైనా కాదంటే వాదించడానికి సిద్ధంగా ఉన్నాను.

అంత సన్నటి గుడ్డ నిజంగా ఉండేదా? మార్కోపోలో 13వ శతాబ్దం చివర మోటుపల్లి రేవు ఉన్న రాజ్యం గురించి, అంటే మన కాకతీయుల రాజ్యం గురించి చెప్తూ, అక్కడి సన్న బట్టలు సాలెగూడులా ఉంటాయని, వాటిని కట్టుకోవడానికి ఏ రాజైనా రాణైనా సంతోషిస్తారని చెప్పాడు. అప్పటికి రామప్ప గుడి కట్టి డెబ్బై ఎనభై ఏళ్లు. ఆ గుడ్డ నేసిన మగ్గం లేదు, నేసినవాళ్ల పేరు లేదు, ఒక్క ముక్క కూడా మన చేతిలో లేదు. ఆ రాతి మీది గీతలో ఉందని నేను నమ్ముతున్నాను. నల్లరాయి చెక్కినవాడికి ఆ గుడ్డ తెలిసి ఉండాలి. బహుశా వాళ్లింటి పక్కనే మగ్గం ఆడుతుండేదేమో.

బాపు ఇప్పుడు రైలెక్కే స్థితిలో లేడు. పాలంపేట దాకా కారులో కూర్చోవడమూ కష్టమే. నేను పోయొచ్చిన ప్రతిసారీ ఫోన్ ఆయన చేతిలో పెడతాను. వేళ్లతో పెద్దది చేసుకుని చూస్తాడు. ముఖాలు చూడడు. పోయిన సంక్రాంతికి, మీరిప్పుడు తెర మీద చూస్తున్నట్టే రెండూ పక్క పక్కన పెట్టి చూపించాను. రెబెకాను చూసి "ఇది ఎనభయ్యో నంబరే" అన్నాడు, ఇరవై ఏళ్ల కింద చెప్పిన మాట మారకుండా. మదనిక మీద మాత్రం చాలాసేపు ఉన్నాడు. ఫోన్ పక్కకు తిప్పాడు, అంచు దాకా పెద్దది చేశాడు, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"నూట ఇరవయ్యా బాపూ?" అని అడిగాను.

"ఎదురుంగ తీస్తే ఎట్ల చెప్తా బిడ్డా? అంచు ఎన్కకు తిరిగిన కాడ తియ్యి. ఆడ తెలుస్తది."

నిజమే. అంచు వెనక్కి తిరిగే చోటు నేను తీయలేదు. ఉత్తర ద్వారం దగ్గర ఎడమ పక్కకు జరిగి, గోడకు దగ్గరగా నిలబడి, పైకి తీయాలి. మే రెండో వారంలో పోతున్నాను. ఎండ చూరు కిందికి వచ్చేది పొద్దున్నే కాబట్టి, హన్మకొండ చౌరస్తా నుంచి నాలుగున్నరకే బయలుదేరాలి. కారులో ఇంకా ముగ్గురికి చోటుంది.